రెయిన్‌కోటు తొడుక్కున్న చీర

తుపాను ముసురు వదలని ఆ సోమవారం పొద్దున ఉచ్చీరమ్మ దండెం ముందు నిలబడి తల గోక్కుంటూ ఉంది. దండెం మీద ఒక నూలు చీర, ఒక పాలిస్టర్ చీర, మొగుడు తిమ్మన్న పాత చొక్కా, అత్త సావిత్రమ్మ కంబళి, ఎమ్మిగనూరులో కొన్న నీలం రెయిన్‌కోటు వరసగా వేలాడుతున్నాయి. పెళ్ళికి పోయేవాళ్ళు కూడా చీర ఎంచుకోవడానికి ఇంతసేపు తీసుకోరు. ఉచ్చీరమ్మ పోయేది పెళ్ళికి కాదు, ఆదోనిలో పత్తి మిల్లుకు. అదీ సైకిల్ మీద, ఆ వానలో, ఆ చలిలో.

"ఏమ్మే, ఇంగా తేల్లేదా?" పొయ్యి దగ్గర నుంచి అత్త కేకేసింది.

"తేలితే నీకు సెప్పకుండా పోతానా అత్తా? ఏది తొడుక్కున్నా తప్పే అయితాండాది."

ఆమె తికమకకు కారణం ఉంది. ఈరోజు గనక తడిసిన బట్టలతో మిల్లు గేటు దగ్గర కనబడితే, ఇంక పనికి రానక్కర్లేదని మేస్త్రీ వీరేష్ శనివారమే తేల్చి చెప్పాడు. వీరేష్ చెడ్డవాడేం కాదు. కానీ పత్తి విషయంలో మాత్రం సొంత చెల్లెలినైనా గేటు బయట నిలబెట్టే రకం. మిల్లులో ఆడవాళ్ళంతా పత్తి కుప్పల చుట్టూ కూర్చుని ఆకు, తొక్క, పచ్చబారిన పత్తి ఏరేస్తారు. ఆ పత్తికి తడి తగలకూడదు, బొచ్చు అంటకూడదు, ప్లాస్టిక్ దారం కలవకూడదు. కలిస్తే కట్టిన బేళ్ళు తిరిగొస్తాయి. అందుకని లోపలికి వచ్చేవాళ్ళు నూలు బట్టలే కట్టుకోవాలి, తలకు నూలు గుడ్డే చుట్టుకోవాలి, ఆ రెండూ పొడిగా ఉండాలి. చెప్పడానికి బాగానే ఉంటుంది. ఆ నియమం పెట్టినవాళ్ళెవరూ వానలో సైకిల్ తొక్కి ఉండరు.

ఉచ్చీరమ్మకు సైకిల్ నలభై ఏళ్ళు దాటాక వచ్చింది. కూతురు హేమకు బడిలో ఇచ్చిన సైకిల్ అది. హేమ పెళ్ళయి హొళగుంద పోయాక గోడకు ఆనించి పెట్టారు. కోళ్ళు దాని మీదెక్కి నిద్రపోయేవి. ఆదోనికి పోయే షేరు ఆటో నిండేదాకా కదిలేది కాదు, నిండాక ఊపిరి ఆడనిచ్చేది కాదు. ఒకరోజు విసుగొచ్చి ఉచ్చీరమ్మ కోళ్ళను అదిలించి సైకిల్‌ను కంది చేను పక్క బాటలోకి తోసుకుపోయింది. తిమ్మన్న వెనకాల పట్టుకుంటానని మాటిచ్చి, కాసేపటికి వదిలేసి బీడీ ముట్టించుకున్నాడు. ఆమె మాత్రం "వదలొద్దప్పా, వదలొద్దు" అని అరుస్తూ బాట చివరిదాకా ఒక్కతే తొక్కుకుంటూ పోయింది. వెనక్కి తిరిగి చూసి, మొగుడు ఎంత చిన్నగా కనబడుతున్నాడో తెలిశాక పడింది. మోకాలు చీరుకుపోయినా ఆరోజు ఆమెకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఊళ్ళో వాళ్ళు మొదట నవ్వారు. తర్వాత "ఆదోనికే కదా పోతాండావు, మాత్తర్లు తెచ్చిపెట్టు" అని చీటీలు చేతిలో పెట్టసాగారు. ఇప్పుడు ఆమె కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపి, చీర మీద తిమ్మన్న చొక్కా తొడిగి, పొద్దు పొడవకముందే రోడ్డెక్కుతుంది. పత్తి చేలు, మిరప చేలు దాటుకుంటూ పోయే ఆ రోడ్డు మీద ఆమెను ఎవరూ ఏ పనీ అడగరు. ఇంట్లో అత్తకు, మొగుడికి, గొడ్లకు పోను ఆమెకంటూ మిగిలింది ఆ రోడ్డు ఒక్కటే.

పోయినేడు ముసురులో తడిసి, తడి బట్టలతోనే ఇల్లు చేరి, జ్వరం పట్టి, అది ఛాతీకి దిగింది. ఆదోని ఆసుపత్రిలో పడుకుంది. లేచి మిల్లుకు పోయేసరికి వాకిలి దగ్గర వెలుతురులో ఆమె కూర్చునే చోట రంగమ్మ కూర్చుని ఉంది. రంగమ్మ ఆదోనిలోనే అటు చివర పేటలో ఉంటుంది, ఆటోలో వస్తుంది. ఆమె ఆ చోటు లాక్కున్నదీ కాదు, వద్దన్నదీ కాదు. చోటు ఖాళీగా ఉంది, కూర్చోమన్నారు, కూర్చుంది. ఆ సీజను ఉచ్చీరమ్మకు పని లేకుండా పోయింది. ఈ ఏడు బతిమాలుకుంటే వీరేష్ గోడ పక్కన చీకట్లో చోటిచ్చాడు. అప్పటినుంచి ఇద్దరూ ఒకే కప్పు కింద కూర్చుంటారు గానీ ఒకరినొకరు పలకరించుకోరు. ఉచ్చీరమ్మకు కోపం కంటే నొప్పి ఎక్కువ. ఆసుపత్రిలో పడుంటే మిల్లు నుంచి ఒక్క మనిషి తొంగి చూడలేదు.

ఇంకొక సంగతి కూడా ఆమెకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళంతా ఇదే వానలో వస్తారు. ఆటో దిగి మిల్లు దాకా బురదలో నడుస్తారు. అయినా వీరేష్ ఎప్పుడూ వాళ్ళను ఆపడు. వాళ్ళెట్లా పొడిగా వస్తారో, తనొక్కతే ఎందుకు నీళ్ళు కారుతూ వస్తుందో ఎంత ఆలోచించినా ఆమెకు తెగలేదు.

ఈ ఏడు ముసురు మొదలవగానే అత్త తన కంబళి తీసిచ్చింది. చచ్చిపోయిన మామ గొర్రెలు కాసేటప్పటి కంబళి అది. ఒక మూల మడిచి నెత్తిన కొప్పెరలా వేసుకుంటే తల నుంచి మోకాళ్ళ దాకా కప్పుతుంది. "మీ మామ దీంట్లో ఎన్ని వానలు సూసినాడో! ఒక్కనాడు తుమ్మింది ల్యా" అంది సావిత్రమ్మ. వెచ్చగానే ఉంది. దారిలో నాని నాని బరువెక్కినా వెచ్చదనం పోలేదు. కానీ గేటు దగ్గర వీరేష్ ఆమెను చూసి రెండు చేతులూ అడ్డంపెట్టాడు.

"ఏందమ్మా ఇది? గొర్రె నడిసి వచ్చినట్టుండావు. నీ రైక నిండా బొచ్చే. ఇది పత్తిలో పడితే నా బతుకేం గావల్ల?"

బొచ్చంతా ఏరుకుని లోపలికి పోయేసరికి పూట గడిచింది. మర్నాడు యూరియా సంచిని మూల మడిచి నెత్తిన వేసుకుంది. పొలంలో అందరూ వేసుకునేదే. వీరేష్ ఆమె భుజం మీద నుంచి సన్నటి తెల్ల ప్లాస్టిక్ దారం ఒకటి లాగి, వేలికి చుట్టి చూపించాడు. ఆ దారానికి ఉచ్చీరమ్మ అరుపుల కంటే ఎక్కువ భయపడింది.

అప్పుడు తిమ్మన్న ఎమ్మిగనూరు బజారుకు పోయి నీలం రెయిన్‌కోటు తెచ్చాడు. మొగుడు ఆమె కోసం అడక్కుండా తెచ్చిన వస్తువు అదొక్కటే, కనుక ఉచ్చీరమ్మ దాన్ని మురిపెంగా తొడుక్కుంది. శనివారం దారి పొడుగునా వాన కోటు మీద జారిపోతుంటే చిన్నపిల్లలా నవ్వుకుంటూ తొక్కింది. మిల్లు దగ్గర దిగి గుండీలు విప్పేసరికి నవ్వు ఆగిపోయింది. రైక వీపుకు అంటుకుపోయి ఉంది. నూలు చీర నడుము దాకా తడి. పైన వాన, లోపల వాన! వీరేష్ ఇక అరిచే ఓపిక కూడా లేనట్టు చూశాడు.

"పో అమ్మా ఇంటికి. సోమవారం గూడా ఇట్లే వస్తే మల్ల రాబాక. సైకిల్ తొక్కేది మానుకోవల్ల, ల్యాకుంటే మిల్లు మానుకోవల్ల. నీ ఇష్టం."

ఆదివారం ఆమె ఆ కోటును తొడుక్కునే ఎమ్మిగనూరు పోయింది, ఓటి కోటు అంటగట్టినందుకు దుకాణంవాణ్ణి కడిగేయడానికి. దుకాణం ముందు సైకిల్ దిగి, కోటు విప్పి, తడిసిన వీపు అందరికీ తిప్పి చూపించింది.

"ఇది రెయిన్‌కోటా, జల్లెడా? సూడు నాయనా, నువ్వే సూడు."

"అరె అమ్మా, పక్కా మాలు ఇది" అని దుకాణం అతను బక్కెట్టు నీళ్ళు తెప్పించాడు. కోటు చెయ్యి కొసను ముడేసి, అందులో నీళ్ళు పోసి పైకెత్తి పట్టుకున్నాడు. పక్క దుకాణాలవాళ్ళు కూడా వచ్చి చూశారు. ఒక్క చుక్క కారలేదు. మరి నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? మెడ దగ్గర నుంచి అని ఒకరు, కుట్ల నుంచి అని ఒకరు, "అమ్మ గుండీలు తప్పు పెట్టుకుండాది" అని ఇంకొకరు తీర్పులు చెప్పారు. తిట్టడానికి వచ్చిన ఉచ్చీరమ్మకు తిట్టడానికి మనిషే దొరకలేదు. కోటు మడిచి క్యారియర్ మీద పెట్టుకుని తిరుగుదారి పట్టింది.

దారిలో టీ అంగడి దగ్గర రవికుమార్ సార్ కనబడ్డాడు. ఎమ్మిగనూరులో హైస్కూలు సారు. గేర్ల సైకిల్ మీద రోజూ ఆదోని వైపు వచ్చి పోతుంటాడు. ఒంటికి అంటుకుపోయే రంగురంగుల చొక్కా, తొడల దాకా బిగుతు నిక్కరు. ఆయన్ను మొదటిసారి చూసినప్పుడు ఉచ్చీరమ్మ సిగ్గుపడి తల తిప్పుకుంది. ఇప్పుడు అలవాటైపోయింది, రోడ్డు మీద ఎదురైతే ఇద్దరూ గంట కొట్టుకుంటారు. ఆమె కోటు సంగతి చెప్పగానే సారు నవ్వాడు.

"కోటుది తప్పు కాదమ్మా. అది నీ చెమటే. వాన లోపలికి రానీని కోటు చెమటను బయటికి పోనిస్తుందా?"

"సెమటా? పండ్లు కొట్టుకుంటాండాయి సార్ సలికి. సెమట యాడనుంచి వస్తాది?"

"తొక్కుతుంటే వస్తుంది. దాన్నంతా నూలు తాగేసి ఒంటికి పట్టుకునే ఉంటుంది. ఆగినాక చల్లబడి చలి ఎక్కుతుంది. వానలో సైకిల్‌కు నూలు పనికిరాదమ్మా. పాలిస్టర్ కట్టు, మీద ఏదన్నా ఉన్నిది వేసుకో."

నూలు పనికిరాదట! ఆదోనిలో నిలబడి ఆ మాట అంటే ఊరు ఊరంతా ఊరుకుంటుందా? పుట్టినప్పటినుంచీ నూలే మంచిది, నూలే ఒంటికి హాయి అని విన్నది ఆమె. పోనీ నమ్మి పాలిస్టర్ కట్టుకుపోతే వీరేష్ గేటు దాటనీడు. రోడ్డేమో నూలు వద్దంటోంది, మిల్లేమో నూలు తప్ప ఇంకేదీ వద్దంటోంది. వాన నుంచి కాపాడే కోటు తొడుక్కుంటే తన ఒళ్ళే తనను తడుపుతోంది. ఇదెక్కడి గొడవరా దేవుడా అనుకుంటూ ఇల్లు చేరింది.

సారు మాట పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. వసారాలో సైకిల్‌కు స్టాండు వేసి, ఆరిన రైక మీద రెయిన్‌కోటు తొడిగి, పైనెక్కి కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. వెనక చక్రం గిర్రున తిరుగుతోంది. సైకిల్ ఎక్కడికీ పోవడం లేదు. పైన రేకులు, కింద గచ్చు, వాన చుక్క పడే వీలే లేదు. సావిత్రమ్మ చాట పక్కన పెట్టి కోడలి వంక కళ్ళార్పకుండా చూసింది.

"తిమ్మా, ఒరే తిమ్మా! నీ పెండ్లాము ఇంట్లోనే ఆదోనికి పోతాండాది, వచ్చి సూడు!"

కాళ్ళు పీకేదాకా తొక్కి దిగి గుండీలు విప్పింది. వీపు తడి. రైక తడి. ఉచ్చీరమ్మ ఆ తడిని అరచేత్తో తడిమి చూసుకుంది. సారు చెప్పింది నిజమే. నిజం తెలిసినందువల్ల ఒరిగిందేమిటి? తొడుక్కోకపోతే వాన తడుపుతుంది, తొడుక్కుంటే తానే తడుస్తుంది. అంతకుముందు ఒక్క దారే మూసుకుపోయింది, ఇప్పుడు రెండూ మూసుకుపోయాయి.

అందుకే సోమవారం పొద్దున ఆమె దండెం ముందు అట్లా నిలబడిపోయింది. తిమ్మన్న గొడ్లకు చొప్ప వేసి వచ్చి, మెల్లగా అన్నాడు.

"ఈ ముసురు పోయేదాకా మానుకోరాదా? పోయినేడు ఆసుపత్రిలో నిన్ను సూసి నాకు కాళ్ళు సేతులు ఆడల్యా."

ఆయనకు సైకిల్ అంటే గిట్టక కాదు, భయం. కానీ ముసురు పోయేదాకా మానుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చోటు ఖాళీగా ఉంటుంది, ఎవరో ఒకరు కూర్చుంటారు, సైకిల్ మళ్ళీ కోళ్ళ పాలవుతుంది.

అప్పుడు సావిత్రమ్మ జొన్న రొట్టెలు ప్లాస్టిక్ కవరులో చుట్టి, కవరు మూతి బిగించి ముడేసి చేతికిచ్చింది.

"నువ్వెట్ల పోయినా పో. రొట్టె మాత్రం తడవకుండా సూసుకో."

ఉచ్చీరమ్మ ఆ మూట వంక చూసింది. ఈ రొట్టె రోజూ ఇదే వానలో ఆదోని దాకా పోతోంది. ఒక్కరోజు తడవలేదు. ఎందుకు తడవలేదు? రొట్టెకు చెమట పట్టదు. రొట్టె సైకిల్ తొక్కదు.

"అత్తా!" అని అరిచి రొట్టె మూట అత్త చేతిలోనే పెట్టేసి దండెం దగ్గరికి పోయింది. పాలిస్టర్ చీర కట్టింది. మీద తిమ్మన్న చొక్కా తొడిగింది. ఆ మీద మామ కంబళి కొప్పెర వేసుకుంది. నూలు చీర, నూలు రైక, లంగా, తలగుడ్డ మడత పెట్టి నీలం రెయిన్‌కోటులో చుట్టి, కోటు చేతులు రెండూ ముడేసి క్యారియర్ మీద కట్టింది. తిమ్మన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పాపం, కోటు కొన్నది ఎవరికి, తొడుక్కున్నది ఎవరు?

రోడ్డు మీద వాన అడ్డంగా కొడుతోంది. టీ అంగడి దగ్గర నిలబడ్డ మొగవాళ్ళు ఆమెను చూసి "ఓ అక్కా, కోటును వెనక కూసోబెట్టుకోని నువ్వు తడుస్తాండావే!" అని ఎగతాళి చేశారు. రవికుమార్ సారు ఎదురొచ్చి గంట కొట్టాడు. ఆమె కూడా కొట్టింది. చీర తడిసి కాళ్ళకు చుట్టుకుంటోంది గానీ నూలంత బరువెక్కలేదు. కంబళి నానుతోంది, అయినా లోపల వెచ్చగానే ఉంది. పోయినేడు ఇదే రోడ్డు మీద వణికిన వణుకు ఈసారి లేదు. కానీ గేటు దగ్గరికి పోయాకే తెలిసింది, ఆమె మరిచిపోయిన సంగతి ఒకటి ఉందని.

వీరేష్ తడిసి ముద్దయిన ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"సెప్పినా గదమ్మా."

"పొడి బట్టలు ఉండాయి వీరేషన్నా. ఇదో సూడు" అని ఆమె రెయిన్‌కోటు మూట విప్పి చూపించింది. నూలు చీర ఇస్త్రీ చేసినంత పొడిగా ఉంది.

వీరేష్ చీర ముట్టుకుని చూశాడు, తల ఊపాడు. తర్వాత అడిగాడు. "యాడ మార్చుకుంటావు?"

ఉచ్చీరమ్మ చుట్టూ చూసింది. మిల్లులో ఆడవాళ్ళకు గది లేదు. వాచ్‌మన్ రేకుల కొట్టానికి తలుపు లేదు. అటువైపు లారీలు, హమాలీలు. అంత దూరం చీరను వెచ్చగా, పొడిగా మోసుకొచ్చింది, కట్టుకోవడానికి ఇంత మరుగు చూసుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వానలో ఎవరికీ తెలియదులే అనుకుని తుడుచుకోలేదు.

అప్పుడే ఆటో దిగి గొడుగు పట్టుకుని వస్తున్న ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగారు. అందరికంటే ముందు ఉన్నది రంగమ్మ. ఆమె ఉచ్చీరమ్మను చూసింది, చేతిలోని పొడి చీరను చూసింది, వీరేష్‌ను చూసింది. గొడుగు పక్కన పెట్టి ఉచ్చీరమ్మ నెత్తి మీది కంబళిని ఒక్క లాగు లాగింది.

"పట్టుకోండి మే" అని వెనకాల వాళ్ళకు ఒక మూల అందించింది. "కొట్టం మూలకు పో ఉచ్చీరా. వీరేషన్నా, నువ్వు అటు తిరుగు."

నీళ్ళు కారుతున్న కంబళి కొట్టం మూలకు అడ్డంగా తెరలా నిలబడింది. బయట వీరేష్ రోడ్డు వైపు తిరిగి "బొచ్చు! బొచ్చు సూసుకోండమ్మా!" అని గొణుగుతున్నాడు. ఉచ్చీరమ్మ తడి చీర విప్పి, ఒళ్ళు తుడుచుకుని నూలు చీర కట్టుకుంది. పొడి గుడ్డ ఒంటికి తగిలినప్పుడు కలిగిన హాయికి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. పోయినేడు ఈ గేటు దగ్గర ఒంటరిగా నిలబడింది. ఇప్పుడు తెర అవతల పైకెత్తిన చేతులు కనబడుతున్నాయి.

బయటికి రాబోతుంటే రంగమ్మ తెర పక్కకు జరిపి లోపలికి దూరింది. తన చీర అంచు పైకెత్తి చూపింది. పైన పొడిగా కనబడే చీర కింద లంగా మోకాళ్ళ పైదాకా నానిపోయి ఉంది. రంగమ్మ దాన్ని రెండు చేతులా పిండితే బురద నీళ్ళు ధారగా కారాయి.

"మీరంతా పొడిగా వస్తారనుకొంటినే" అంది ఉచ్చీరమ్మ.

"యాడ పొడి? పైట పొడిగా కనపడేతట్టు సుట్టుకొంటాము. సాయంత్రం దాకా తడి లంగా మీద కూసుంటాము. వీరేషన్న కిందికి సూడడు గదా, అదే మా ధైర్యం."

"పోయినేడు గూడానా?"

"పోయినేడు గూడా. నువ్వు ఆసుపత్రిలో పడినప్పుడు నాకూ జ్వరమే. సెప్తే నన్ను గూడా పంపిస్తారని నోరు మెదపల్యా. నిన్ను సూడను రావాలని ఉండె, యా మొగం పెట్టుకోని వచ్చేది?"

ఏడాది పొడుగునా ఉచ్చీరమ్మ మనసులో కట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. తాను ఒక్కతే తడుస్తున్నానని, తనకొక్కదానికే తెలివి చాలడం లేదని ఇన్నాళ్ళూ తన మీద తానే విసుక్కుంది. ఉచ్చీరమ్మ నీలం రెయిన్‌కోటు తీసి రంగమ్మ చేతిలో పెట్టింది.

"రేపు ఇంకొక లంగా దీంట్లో సుట్టి తెచ్చుకో. ఆటోలో నిన్ను సూసి ఎవరూ నవ్వర్లే."

"మరి నీ సీర?"

"రొట్టెల కవరు ఉండాది గదా ఇంట్లో."

రంగమ్మ నవ్వబోయి ముక్కు చీదుకుంది. వెనక ఇంకొకామె "నా లంగా గూడా తడిసింది, నేను యాడికి పోవల్ల?" అంది, ఆ వెనక ఇంకొకామె. వీరేష్ ఇటు తిరగకుండానే "ఎంతసేపమ్మా!" అని అరిచాడు, అరిచాడు గానీ పని మొదలయ్యే గంట కొట్టలేదు. ఉచ్చీరమ్మ కొట్టం నుంచి బయటికి వచ్చి, కంబళి మూల అందుకుని, కట్టుకున్న పొడి చీరకు తగలకుండా దూరంగా చాచి పట్టుకుంది. చేతులు లాగుతున్నా రంగమ్మ లోపల తడి లంగా పూర్తిగా పిండుకునేదాకా దించలేదు.